తగువు లేని ఇంటికి వంశావళి ఉండదు

పోయిన సంక్రాంతికి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చిన్నాన్న ఒక పీడీఎఫ్ పెట్టాడు. పైన ఎర్రక్షరాలతో "మన వంశవృక్షం" అని, చుట్టూ గుడి గోపురం బోర్డరు, కింద మర్రి ఊడల్లాగా మా అందరి పేర్లూ వేలాడుతూ ఉన్నాయి. పదకొండు తరాలు. మొదలెక్కడంటే గజపతి రాజుల కొలువులో ఒక దళపతి దగ్గర, కత్తి బొమ్మ కూడా వేసాడు. గ్రూపులో అందరూ దండాలు, పూలు, "సూపర్ అన్నయ్యా" లు. నేను పని లేక కూర్చుని లెక్కపెట్టాను, మొత్తం డెబ్భై రెండు పేర్లు, డెబ్భై రెండూ మగవాళ్ళవే. అంటే మా ఇంట్లో మూడొందల ఏళ్ళ నుంచి మగాళ్ళే మగాళ్ళని కంటున్నారన్నమాట.

ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "చిన్నాన్నా, ఆ దళపతి సంగతి ఎందులో దొరికింది?" అని రాసాను. మూడు రోజులు గ్రూపులో చప్పుడు లేదు, నాలుగో రోజు ఫోనొచ్చింది.

"ఏటిరా, నలుగురిలో అలగడిగేస్తావేటి? మా నాన్న సెప్పీవోడు. ఆయనికి ఆల నాన్న సెప్పినాడు. నీకు రసీదు కావాలేటి?"

రసీదే కావాలి చిన్నాన్నా అన్నాను. అక్కడ మొదలైంది ఇదంతా.

మా ఊరు కాశీనగర్ దాటాక వంశధార ఒడ్డున. ఇప్పుడు గజపతి జిల్లా, 1992 అక్టోబరు 2న విడగొట్టేదాకా గంజాం జిల్లా, 1936కి ముందైతే మద్రాసు ప్రెసిడెన్సీలో పర్లాకిమిడి జమీందారీ. చిన్నాన్న వాళ్ళది పాతపట్నం వైపు, పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య దూరం ఎంతా, సైకిలు మీద వెళ్ళి టీ తాగి వచ్చేంత, కానీ అది ఆంధ్రా, ఇది ఒడిశా. ఒకే తాతలకి పుట్టి రెండు రాష్ట్రాల్లో ఉన్నాం. ఊరి పక్కన ఏటి పేరే వంశధార పెట్టుకుని వంశం గురించి ఇన్ని అబద్ధాలు చెప్పుకోవడం మాకే చెల్లింది.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తా, తర్వాత తిట్టుకోండి. పందొమ్మిదో శతాబ్దంలో పొలం దున్నుకున్న కుటుంబానికి వంశావళి అనేది గొప్పతనం వల్ల మిగల్లేదు, తగువు వల్ల మిగిలింది. అన్నదమ్ములు సుఖంగా ఉండి ఉంటే మనకి వాళ్ళ పేర్లు కూడా తెలిసేవి కావు. ఎవరో ఎవరి గట్టునో జరిపారు, ఎవరో ఎవరి వాటానో ఎగ్గొట్టారు, అప్పుడు ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని "నువ్వు ఎవరి కొడుకువి, నీ తాత ఎవరు" అని అడిగి కాగితం మీద పెట్టించారు. ఆ కాగితమే మన పూర్వీకుల ఫోటో.

రాజుల సంగతి వేరు కదా అంటారేమో, వేరేం కాదు. పొగిడేవాళ్ళు పొగిడిన వంశావళులు వాళ్ళకుంటాయి సరే, కానీ నమ్మడానికి వీలైన వివరం కావాలంటే వాళ్ళదీ కోర్టులోనే వెతకాలి. మా గంజాంలోనే చిన్నకిమిడి జమీందారీ దత్తత కేసు ఉంది, భర్త పోయిన ఆవిడ దత్తత తీసుకోవచ్చా, తీసుకోవాలంటే సపిండుల (దగ్గరి దాయాదుల) ఒప్పుకోలు కావాలా అని కొట్టుకుని కొట్టుకుని 1876లో లండన్‌లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో అన్నిటికన్నా పై కోర్టు) దాకా వెళ్ళారు. ఎవరికి ఎవరు ఏమవుతారో వరసలన్నీ ఆ తీర్పులో ఉన్నాయి. భట్రాజు పొగిడితే పది తరాలు వస్తాయేమో గానీ వకీలు అడిగితే వచ్చే మూడు తరాలే గట్టివి.

రైతుకి అసలు కష్టం ఇంకోటుంది. 1802లో శాశ్వత పరిష్కారం (పర్మనెంటు సెటిల్మెంటు) అని ఈస్టిండియా కుంపిణీ వాళ్ళు జమీందారుతో శిస్తు ఖాయం చేసుకున్నారు, అక్కడితో సర్కారు లెక్కలో పేరున్న మనిషి జమీందారొక్కడే. కింద దున్నేవాడి పేరు సర్కారుకి అక్కర్లేదు, అతని పేరు ఉంటే గింటే కరణం దగ్గర తాటాకు కవిలె కట్టలో ఉంటుంది, ఆ కట్ట కరణం ఇంటి అటక మీద ఉంటుంది, ఆ అటక మీద చెదలుంటాయి. 1908లో ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ వచ్చి రైతుకి సాగు హక్కు అన్నాక గానీ జమీందారీ రైతు పేరుకి సర్కారు దృష్టిలో విలువ రాలేదు. కాబట్టి ఎవరైనా జమీందారీ ఊరి రైతు కుటుంబం నుంచి వచ్చి "మా వంశం 1600 నుంచి వరసగా తెలుసు" అంటే నేను నవ్వి ఊరుకుంటాను. జనాభా లెక్కలు ఉన్నాయి కదా అని మా బావమరిది అన్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871 నుంచీ తలలు లెక్కపెట్టారు నిజమే, కానీ వాటిలో మనకి మిగిలినవి అంకెలు, పేర్లు కావు.

ఇనాం ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది, పన్ను లేకుండా అనుభవిస్తున్న ప్రతి భూమికీ, ఇది ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడి వయసెంత, మొదట పుచ్చుకున్నవాడికి వీడు ఏమవుతాడు అని అడిగి రిజిస్టర్లలో రాసారు. మా పక్క ఊరి గుడి పూజారి గారింట్లో ఆ రిజిస్టరు నకలు ఉంది, నేను చూసాను, 1860ల నాటికి మూడు తరాలు చక్కగా ఉన్నాయి. ఎందుకున్నాయంటే సర్కారు వాళ్ళని అనుమానించింది కాబట్టి. "ఈ భూమి నిజంగా నీదేనా?" అన్న ప్రశ్న లేకపోతే వాళ్ళ ముత్తాతల పేర్లు కూడా మా వాళ్ళ పేర్లలాగే గాల్లో కలిసిపోయేవి.

పూరీ పండాల (యాత్రికుల్ని చూసుకునే పూజారుల) ఖాతాలు ఉన్నాయి కదా, అవి తగువు కాదు భక్తి కదా అని నాకూ అనిపించింది. వెళ్ళాను. మా ఊరి పేరు చెప్తే ఒక పండా ఇంకో పండాని చూపించాడు, ఆయన ఎర్రగుడ్డలో కట్టిన పొడుగాటి పుస్తకం విప్పి మా ముత్తాత వచ్చినప్పుడు రాయించింది చూపించాడు, మా ముత్తాత పేరు, ఆయన నాన్న పేరు, ఊరు, కులం. ఒళ్ళు జలదరించిందని ఒప్పుకుంటాను. కానీ అక్కడ కూర్చుని మజ్జిగ తాగుతూ మాట్లాడితే తెలిసిందేంటంటే, ఆ పుస్తకం మన కోసం రాసింది కాదు, ఫలానా ఊరి యాత్రికులు ఫలానా పండా ఆస్తి అని రుజువు కోసం రాసింది. యాత్రికుల మీద హక్కు వాళ్ళకి పొలం లాంటిది, కొడుకులు పంచుకుంటారు, రేపు ఇంకో పండా మనల్ని లాక్కుపోతే ఈ పుస్తకం తీసి చూపిస్తారు. అంటే అక్కడా మనం ఒకళ్ళ తగువులో సాక్ష్యమే.

సరే మా ఇంటి కాగితానికి వస్తా. మామ్మ పోయాక పాత ఇల్లు పడగొట్టే ముందు అటక మీద భోషాణం దింపాం. మామ్మ పెళ్ళినాటి గాజు పెంకులు, రెండు ఇత్తడి చెంబులు, శిస్తు రసీదులు, అడుగున గుడ్డలో చుట్టిన స్టాంపు కాగితం. పదాల మధ్య ఖాళీ లేకుండా రాసిన గొలుసుకట్టు తెలుగు. నేను ఒడియా మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు చదవడం మామ్మ దగ్గర పేపరు చూసి నేర్చుకున్నది, కాబట్టి ఆ నాలుగు పేజీలు విడదీసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది (ఇందులో నా తెలుగు తప్పులుంటే ఆ లెక్కలో వేసుకోండి). అది పారీకత్తు, అంటే అన్నదమ్ముల పంపకాల కాగితం.

"ఖర నామ సంవత్సరం" అని ఉంది. ఇది పెద్ద తలనొప్పి, ఎందుకంటే ఖర అరవై ఏళ్ళకోసారి వస్తుంది, 1831 కావచ్చు, 1891 కావచ్చు, 1951 కావచ్చు. స్టాంపు మీద విక్టోరియా రాణి తలకాయ ఉంది కాబట్టి 1891. ఆవిడ తలకాయ లేకపోతే మా తాతకి తాత వయసు అరవై ఏళ్ళు అటో ఇటో జరిగిపోయేది. చిన్నాన్న పీడీఎఫ్‌లో ఇలాంటి జరుగుళ్ళు ఎన్నో ఉన్నాయి. ఒక జాతకంలో అంకం లెక్క ఉంటే దాన్ని మామూలు అంకె అనుకుని వేసేసాడు. ఒడియా రాజుల అంకం లెక్క తెలియనివాళ్ళకి చెప్తున్నా, రాజు పట్టానికొచ్చిన ఏడు నుంచి లెక్క, కానీ 1 ఉండదు, 6తో ముగిసే అంకె ఉండదు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. కాబట్టి 17వ అంకం అంటే నిజానికి 14వ ఏడు. పైగా ఏడాది మారేది ఉగాదికి కాదు, భాద్రపద శుద్ధ ద్వాదశికి. పైగా ఏ రాజు అంకమో తెలియాలి. ఇవన్నీ చూడకుండా కలిపేసరికి చిన్నాన్న పటంలో ఒకాయన వాళ్ళ నాన్నకి తొమ్మిదో ఏట పుట్టాడు. దళపతుల వంశం కదా, తొందరెక్కువ.

1866 కరువుని ఒడియా వాళ్ళు నఅంక దుర్భిక్షం అంటారు, పూరీ రాజు దివ్యసింహ దేవుడి తొమ్మిదో అంకంలో వచ్చింది కాబట్టి. ఒడిశాలో పది లక్షల మంది పోయారని చెప్తారు, గంజాంని కూడా అది వదల్లేదు. మామ్మ దాన్ని కథలాగా చెప్పేది, ఆవిడ చూసింది కాదు, వాళ్ళ మామ్మ చూసింది. "సింతపిక్కలు వండుకు తినీసినారు నాయినా" అనేది. మా కాగితంలో 1866 మాట లేదు, కానీ నలుగురు అన్నదమ్ముల మధ్య వయసులు చూస్తే రెండో వాడికీ మూడో వాడికీ మధ్య పెద్ద ఖాళీ. ఆ ఖాళీలో ఎంతమంది పుట్టి పోయారో ఎవరికీ లెక్కలేదు, పోయిన పసిబిడ్డలు ఏ పారీకత్తులోనూ వాటా అడగరు.

కాగితంలో ఏముందంటే, నలుగురు అన్నదమ్ములు. పెద్దవాడు మా తాతకి తాత. రెండోవాడు చిన్నాన్న వాళ్ళ శాఖ. మూడోవాడు అప్పటికే పోయాడు, పిల్లల్లేరు, భార్య ఉంది. నాలుగోవాడి గురించి ఒకే మాట, "దేశాంతరం పోయినందున". మా వైపు రంగం వెళ్ళిపోనాడు అంటారు, రంగూన్. అప్పట్లో కళింగపట్నంలోనో గోపాలపూర్‌లోనో పడవెక్కితే రంగం, గంజాం విశాఖపట్నం జిల్లాల నుంచి వేలకి వేలు వెళ్ళారు, రేవుల్లో మూటలు మోసారు, వరి మిల్లుల్లో చేసారు. కొందరు డబ్బుతో వచ్చారు, కొందరు 1942లో జపాను బాంబులకి అడవుల్లో పడి నడిచొచ్చారు, చాలామంది రానేలేదు. మా నాలుగోవాడు వాటా అడగడానికి రాలేదు కాబట్టి మా కాగితాల్లో ఆయన అక్కడితో ఆగిపోయాడు. రంగంలో ఆయనకి పది మంది మనవలు ఉన్నారేమో, వాళ్ళింట్లో గోడకి సింహాచలం అప్పన్న పటం ఉందేమో, తగువు పెట్టుకోలేదు కాబట్టి చుట్టరికం పోయింది.

ఇక పంపకాలు. ఎడ్లు ఎవరికెన్ని, నాగళ్ళు, గాదె, ఇత్తడి గంగాళం, ఏటిగట్టు మడి, తాటితోపు మెట్ట, అన్నీ వివరంగా ఉన్నాయి. గంగాళం గురించి రెండు వాక్యాలున్నాయి, అంటే దాని మీద గట్టిగానే అరుచుకుని ఉంటారు. తర్వాత మూడోవాడి భార్యకి మనోవర్తి. సాలుకి ఇన్ని కుంచాల ధాన్యం, రెండు కోకలు, ఉండడానికి పెరటి వైపు గది, చెరువు దిగువ మడి ఆమె బతికున్నన్నాళ్ళు అనుభవించి తదనంతరం అన్నదమ్ములకి సమానంగా చెందేట్టు. 1937లో చట్టం వచ్చేదాకా ఉమ్మడి కుటుంబంలో భర్త పోయిన మనిషికి వాటా లేదు, తిండీ బట్టా నీడా, అంతే. ఆ కాగితంలో ఎడ్లకి రంగులున్నాయి, ఒకటి కర్రి, ఒకటి మచ్చల గిత్త. ఆవిడకి పేరు లేదు. "ఫలానావాడి భార్య" అని మూడుసార్లుంది.

కింద సంతకాలు. మగవాళ్ళు ఇద్దరూ నాగలి గుర్తు గీసారు, చదువు రాదు కదా. ఒడియాలో సంతొకొ అంటే గుర్తు, మన సంతకం కూడా ఒకప్పుడు ఇలాంటి గుర్తేనని ఆ కాగితం చూసాకే నాకు వెలిగింది. ఆవిడది ఒక సున్నా, గాజు గుర్తు. విధవరాలి చేత గాజు గుర్తు వేయించారు. రాసిన కరణానికి తట్టిందో లేదో గానీ నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పేరెలా దొరికిందో చెప్తా, ఇది నా ఊహే, కానీ దళపతి కంటే గట్టి ఊహ. చెరువు దిగువ మడిని మా ఊళ్ళో ఇప్పటికీ పెంటమ్మ మడి అంటారు. నలభై సెంట్లు ఉంటుంది. ఎవరీ పెంటమ్మ అని అడిగితే ఎవరికీ తెలియదు, "అలగే అంటారు" అంటారు. మా పటంలో పెంటమ్మ లేదు, ఆడవాళ్ళే లేరు కదా. ఆ మడి ఒక మనిషి బతికున్నన్నాళ్ళు ఒక్కర్తే అనుభవించినదని కాగితం చెప్తోంది, ఆ మడికి ఆడమనిషి పేరుంది, ఇంకేం కావాలి.

ఆ పేరు ఇంకో తరాన్ని కూడా చూపిస్తుంది. మన వైపు ఎవరికీ ఊరికే పెంటమ్మ, పెంటయ్య, పుల్లయ్య అని పెట్టరు. ముందు పుట్టిన బిడ్డలు పోతుంటే, పుట్టగానే పెంటకుప్ప మీద దొర్లించి, ఇది పనికిరానిది, దీని మీద కన్నెయ్యకు అని చావుకి చెప్పి పెట్టే పేర్లవి. ఒడియా వాళ్ళకీ ఇలాంటివి ఉన్నాయి, ఫకీర్ మోహన్ సేనాపతి అసలు పేరు బ్రజమోహన్, చిన్నప్పుడు జబ్బు చేస్తే బతికితే ఫకీరుని చేస్తామని మొక్కుకుంటే ఫకీర్ మోహన్ అయ్యాడు. కాబట్టి పెంటమ్మ అనే ఒక్క పేరులో వాళ్ళమ్మ పురుళ్ళు, ఆవిడకంటే ముందు పోయిన పిల్లలు, మంత్రసాని, తెల్లారుజామున పెంటకుప్ప, అన్నీ ఉన్నాయి. దళపతి పేరులో ఏముంది, కత్తి తప్ప? అదీ క్లిప్ ఆర్టు.

మగవాళ్ళ పేర్లతో ఇంత కూడా దొరకదు. సింహాచలం దేవుడి దయవల్ల ఉత్తరాంధ్రాలో, మా గంజాంలో సగం మంది అప్పన్నలు, అప్పలస్వాములు, సింహాచలాలు. తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ కాబట్టి మా ఇంట్లో నాలుగు తరాల్లో ముగ్గురు అప్పన్నలు ఉన్నారు, చిన్నాన్న అందులో ఇద్దర్ని కలిపి ఒకణ్ణి చేసాడు, ఆయన నూటపదేళ్ళు బతికాడు. దానికి తోడు మేనరికాలు. మా మామ్మ మా తాతకి మేనమామ కూతురు, వాళ్ళమ్మ కూడా అలాగే. చెట్టులో కొమ్మలు విడిపోతాయి గానీ మళ్ళీ వచ్చి కలుసుకోవు కదా, మాకు ప్రతి రెండు తరాలకీ కలుసుకుంటాయి. ఇల్లరికం అల్లుళ్ళు, దత్తతలు కూడా వేస్తే అది చెట్టు కాదు, ఈత చాప. అసలు ఆడవాళ్ళని తీసేసి గీస్తే ఈ అల్లికే కనపడదు, పక్కపక్కన నిలబడిన కర్రలు కనపడతాయి.

దళపతి ఎక్కణ్ణుంచి వచ్చాడో నాకో అనుమానం ఉంది. 1901 జనాభా లెక్కలప్పుడు కులాల్ని ఎక్కువ తక్కువల వరసలో పెట్టాలని సర్కారు చూసింది, దాంతో దేశమంతా కులసంఘాలు లేచి, మేము క్షత్రియులం, మేము ఫలానా రాజుల వంశం అని అర్జీలు పెట్టుకున్నాయి, చిన్న చిన్న కులపురాణాలు అచ్చేయించుకున్నాయి. చిన్నాన్న వాళ్ళ తాత యవ్వనం సరిగ్గా ఆ రోజుల్లోదే. 1891లో నాగలి గుర్తు గీసినవాడి కొడుకు ఎక్కడో ఒక పుస్తకంలో కత్తి చూసి ఇంటికి తెచ్చుకున్నాడని నేననుకుంటున్నా. అయినా కోప్పడను, నాగలి చూపిస్తే అప్పుడు ఎవరు కుర్చీ వేసేవారు?

చిన్నాన్న వాదన కూడా చెప్పాలి, ఆయన తెలివితక్కువ మనిషి కాదు, ముఫ్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాడు. "నీ వైపు పిల్లలు తెలుగు సదవలేరు, ఇంకో ఇరవై ఏళ్ళకి మాట్లాడరు. ఆలకి మీరు పెద్దింటోళ్ళురా అని సెప్తే కదా ఆ తెలుగు మీద మనసుంటాది. నీ పారీకత్తు సూపిస్తే ఏటొస్తాది, గంగాళం కోసం కొట్టుకున్నోళ్ళమని తెలుస్తాది." ఇది ఊరికే కొట్టిపారేసే మాట కాదు. మా అబ్బాయి తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు జమీందారీని చీల్చి పర్లాకిమిడి పట్నంతో ఒక ముక్క ఇటిచ్చి మిగతాది మద్రాసులో ఉంచారు. దానికి ముందు ఐదారేళ్ళు ఓడొన్నెల్ కమిటీ అని, పార్లమెంటు కమిటీ అని, ఏ ఊళ్ళో తెలుగు ఎంతమంది ఒడియా ఎంతమంది అని ఒకటే కొట్లాట. పర్లాకిమిడి బళ్ళో ఏళ్ళ తరబడి చదువు చెప్పి, సవర భాషకి వ్యాకరణం రాసి, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు అంత వయసులో ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా వాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు, పొలం మూట కట్టుకుని వెళ్ళలేరు కదా.

దాంతో ఇంటిపేరు పోయింది. నేను బళ్ళో చేరినరోజు మాస్టారు "పొదొబి?" అని అడిగారు, ఒడియాలో పదవి అంటే పేరు చివర వచ్చే ఇంటిపేరు, నాకు తెలియక "మా నాన్నకి ఏ పదవీ లేదండి, పొలం చేస్తాడు" అన్నాను. క్లాసంతా నవ్వారు. మాస్టారే నా పేరు చివర రావు తగిలించి అదే ఇంటిపేరు చేసేసారు. చిన్నాన్న పిల్లలకి అసలు ఇంటిపేరు ముందుంది, నాకు రావు వెనకుంది, మా ఇద్దరి ఆధార్ కార్డులూ పక్కపక్కన పెడితే ఏ ఆఫీసరైనా వీళ్ళకీ వాళ్ళకీ చుట్టరికమే లేదంటాడు. కాబట్టి పిల్లలకి ఏదో ఒకటి ఇవ్వాలన్న చిన్నాన్న ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ మా అబ్బాయికి దళపతి పటం చూపిస్తే "కూల్" అని ఫోన్లో తల పెట్టాడు. పెంటమ్మ మడి గట్టు మీద నిలబెట్టి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్తే, ఆ కాగితంలో ఆమె గీసిన సున్నా చూపించమన్నాడు. అక్షరాలు రాకపోయినా సున్నా చదవొచ్చు కదా.

ఇంకో మాట, ఇది నాకే గుచ్చుకునేది. పారీకత్తులో పెంటమ్మకి కనీసం ఒక గాజు గుర్తుంది. మా పొలం నిజంగా దున్నిన కంబారి వాళ్ళకి (పాలికాపులన్నా వాళ్ళే, పాలేర్లు) అదీ లేదు. తాటితోపు మెట్ట పంచేటప్పుడు "పాలికాపులు ఇద్దరు" అని ఉంది, ఎడ్ల తర్వాత, గంగాళం ముందు. వాటా లేనివాడికి తగువు లేదు, తగువు లేనివాడికి కాగితం లేదు. ఆ ఇద్దరి మనవల మనవలు మా ఊళ్ళోనే ఉన్నారు, ఒకాయనకి బజార్లో మొబైల్ షాపు ఉంది, నేను ఆయన దగ్గరే రీచార్జి చేయిస్తాను. ఆయనకి చూపించడానికి నా దగ్గర ఆ నాలుగు మాటలే ఉన్నాయి. ఇప్పటిదాకా చూపించలేదు.

సరే, కాగితం ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాను, కింద మొత్తం టైపు చేసి పెట్టాను, ఇదిగో చిన్నాన్నా రసీదు, దళపతి లేడు నాగలే ఉంది అని కొంచెం పొగరుగానే రాసాను. ఈసారి వారం రోజులు చప్పుడు లేదు. నొచ్చుకున్నాడేమో, వెళ్ళి కాళ్ళు పట్టుకుందాం అనుకుంటుంటే రిజిస్టర్డ్ పోస్టులో లాయరు నోటీసు వచ్చింది. చిన్నాన్న నా టైపింగు చాలా జాగ్రత్తగా చదివాడు. "తదనంతరం అన్నదమ్ములకి సమానంగా చెందేట్టు" అని ఉంది కదా, పెంటమ్మ పోయాక ఆ మడి మా శాఖ దగ్గరే ఉండిపోయింది, పట్టాలో మా తాత పేరే ఎక్కింది, కాబట్టి అందులో సగం ఇరవై సెంట్లు వాళ్ళకి రావాలట. నూరేళ్ళు దాటిన వ్యవహారం, నిలవదు అన్నాడు మా వకీలు, కానీ జవాబు ఇవ్వాలి, జవాబుతో వంశావళి జత చెయ్యాలి. మా వాదనకీ వాళ్ళ వాదనకీ మూలం ఒకటే కాగితం, అది చదవగలిగింది రెండు వైపులా కలిపి చిన్నాన్నా నేనూ, అంతే. ఆయన పంపిన వంశావళి నోటీసుకి జతచేసి ఉంది, చూసాను. 1891 నుంచే మొదలైంది. దళపతి ఎక్కడా లేడు.

మా వకీలుకి నేను రాసిచ్చిన దాంట్లో మూడో గడిలో భర్త పక్కన పెంటమ్మ అని పెట్టాను. "ఈవిడ హక్కుదారు కాదు కదండీ, అవసరమా?" అన్నాడు ఒడియాలో. మడి పేరే ఆవిడది, పట్టాలో ప్లాటు నంబరు, కిసం (భూమి రకం) తప్ప ఆ పేరు లేదు, ఇందులోనైనా ఉండనీ అన్నాను. ఏమనుకున్నాడో, సరే అని పక్క గదిలో టైపు చేసే కుర్రాడికిచ్చాడు. సాయంత్రం కాపీ తెచ్చుకుని చూస్తే ఆ కుర్రాడు మర్యాదగా ఉంటుందనుకున్నాడో ఏమో, పేరు చివర దేవి అని తగిలించాడు. వెనక్కి వెళ్ళి తీయించాను.